రేవు లేని నేల, దూరపు బేరం

చిన్న దేశానికి ఇంటి సంత చాలదు. తాను తయారుచేసే సరుకును కొనేవారు తన పొలిమేరల లోపల తగినంతమంది ఉండరు కనుక, దూరదేశాల అంగళ్ళను వెతుక్కుంటూ పోక తప్పదు. అలా పోవడానికి ఏం కావాలని అడిగితే చాలామంది మొదట చెప్పేది ఓడరేవు. ఆర్థికశాస్త్ర గ్రంథాలు కూడా సముద్రతీరం లేని దేశాల గురించి కొంత జాలిగానే మాట్లాడతాయి. నా మట్టుకు నాకు ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. మిగతా సగం ఏమిటో చూడాలంటే సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని మించిన ఉదాహరణ తెలుగునాట లేదు.

పటాన్‌చెరు దేశమెలా అవుతుందని మీరు అడగవచ్చు. కాదు నిజమే. కానీ అది ఒకప్పుడు దేశమే అయిన ఒక నేలలో భాగం. గోలకొండ సుల్తానుల రాజ్యం మొగలుల పక్కన నిలబెడితే చిన్నదే. అయినా దానికి మచిలీపట్నం ఉండేది. 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ కొట్లు తెరిచారు. కృష్ణా తీరంలో దొరికే చిరువేరుతో ఎర్రగా అద్దిన గుడ్డలు అక్కడినుంచి పర్షియాకు, జావాకు, లవంగాలు పండే దీవులకు పోయేవి. ఐరోపావారు మన గుడ్డను తీసుకుపోయి ఆ దీవులలో మసాలా దినుసులకు మార్చుకునేవారు. గుడ్డ అంత దూరం పోయింది గాని, నేసినవాడి పేరు, అద్దినవాడి ఊరు దానితో పోలేదు. బయానా ఇచ్చిన దళారి దగ్గరే ఆగిపోయాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఆ తరువాతి కథ చదువరులకు తెలిసిందే. 1687లో గోలకొండ పడిపోయింది. ఆపైన వచ్చిన నిజాముల చేతినుంచి 1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు జారిపోయి హైదరాబాదు రాజ్యానికి సముద్రమే లేకుండా పోయింది. మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు కోసం 1802లో ఆంగ్లేయులతో వాణిజ్య ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఒకప్పుడు తన గుమ్మమే అయిన చోటికి పొరుగువాడిని అడిగి పోవడమన్నమాట! 1947-48లో చివరి నిజాం ప్రభుత్వం గోవాలోని మార్మగోవా రేవు కోసం పోర్చుగీసువారితో మంతనాలు కూడా చేసింది. అవి ఫలించలేదు. నూటయాభై ఏళ్ళకు పైగా ఆ రాజ్యానికి తీరని కోరిక రేవు.

(ఇక్కడ ఒక పిడకల వేట. తెలుగులో రేవు అంటే ఓడలు ఆగే చోటే కాదు. బట్టలుతికేది రేవే, ఏరు దాటేది రేవులోనే, ఎడ్లను కడిగేదీ రేవులోనే. నేల నీటితో వ్యవహరించే ప్రతి చోటుకూ మనవాళ్ళు పెట్టిన పేరు అది.)

సరే, అసలు విషయానికి వద్దాం. రేవు దొరకని ఆ నేలలోనే, నగరానికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, ప్రపంచంలో సగం దేశాలకు సరుకు పంపే ప్రాంతం ఒకటి తయారయింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం, గడ్డపోతారం, బొంతపల్లి. ఇవన్నీ ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. వెనుకబడిన జిల్లా అని ప్రభుత్వం రాయితీలిచ్చింది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. అప్పటికే ఉంది. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక జిల్లాకు కర్మాగారాల రాక మరింత పెరిగింది. ఇవన్నీ కారణాలే. అయితే అసలు కారణం బాలానగర్‌లో ఉంది. సోవియట్ సహకారంతో అక్కడ వెలసిన ఐ.డి.పి.ఎల్. కృత్రిమ ఔషధాల కర్మాగారం ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులకు బడి అయింది. 1969 నుంచి 1975 దాకా అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. ఆయనలా బయటికి వచ్చి కంపెనీలు పెట్టినవారు, ఆ కంపెనీలలోంచి బయటికి వచ్చి మరికొన్ని పెట్టినవారు చాలామంది.

వీళ్ళకు రేవు ఎక్కడ దొరికింది? రెండు చట్టాలలో దొరికింది. ఒకటి మనది, 1970 నాటి పేటెంట్ల చట్టం. మందు అణువు మీద ఎవరికీ గుత్తహక్కు లేదనీ, దానిని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఉంటుందనీ ఆ చట్టం చెప్పింది. అంటే అదే ఊరికి మరో బాట వేసుకోగలిగినవాడు ఆ ఊళ్ళో అంగడి పెట్టుకోవచ్చు. (ఈ వెసులుబాటు 2005 జనవరి 1తో పోయింది. అప్పటికి మనవాళ్ళు చాలా బాటలే వేశారు.) రెండవది అమెరికావాళ్ళ చట్టం. పేటెంటు తీరిన మందులను ఇతరులు చవకగా తయారుచేసి అమ్మడానికి సులువైన దారి 1984లో హాచ్-వాక్స్‌మన్ చట్టం తెరిచింది. రెడ్డీస్ పుట్టిన సంవత్సరమూ అదే. 1986లో ఆ సంస్థ మిథైల్‌డోపా అనే రక్తపోటు మందును విదేశాలకు పంపింది. 1987లో దాని ఐబుప్రోఫెన్ ముడిమందుకు అమెరికా ఎఫ్.డి.ఏ. ఆమోదం లభించింది. చివరి నిజాముకు సాధ్యపడని పని ఒక కాగితం మీది సంతకంతో జరిగిపోయింది.

కాగితం అన్నది అలంకారంగా కాదు. ముడిమందు అమ్మేవాడు ఎఫ్.డి.ఏ.కి డ్రగ్ మాస్టర్ ఫైల్ అనే దస్త్రం సమర్పిస్తాడు. ఏ పదార్థాలతో, ఏ రియాక్టరులో, ఎంత వేడి మీద, ఎన్ని అంచెలలో తయారుచేస్తాడో, అందులో ఏ మలినం లక్షకు ఎన్ని పాళ్ళుంటుందో అంతా అందులో ఉంటుంది. మాత్రలు చేసే కంపెనీ తన అర్జీలో ఆ దస్త్రాన్ని ఉటంకిస్తుంది. ఆపైన తనిఖీదారు విమానమెక్కి వస్తాడు. ఆయన రాక ముందటి నెల పాశమైలారంలో ఎలా ఉంటుందో ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసే ఏ బి.ఎస్సీ. కుర్రవాడినడిగినా చెబుతాడు. 'ఆడిట్ ఉంది' అన్న ఒక్క మాటతో సెలవులు రద్దవుతాయి, గోడలకు రంగులు పడతాయి, చిత్తుకాగితం మీద రాసిన అంకె ఒక్కటి బయటపడినా కొంపలు మునుగుతాయి. సరుకు సనత్‌నగర్ కంటైనర్ డిపో మీదుగా ముంబై పక్కన ఉన్న న్హావా షేవాకు రైలెక్కి పోయినా, శంషాబాదులో విమానమెక్కినా తేడా లేదు. దస్త్రం లేకపోతే సముద్రం పక్కనున్నా ప్రయోజనం లేదు. దస్త్రం ఉంటే మెదక్ కూడా రేవే.

ఈ వ్యాపారాన్ని తేలిక చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2000 ప్రాంతంలో ఎయిడ్స్ మందులకు ఒక్కో రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యేది. 2001లో సిప్లా ఆ వెలను రోజుకు డాలరుకు దించుతానని ప్రకటించింది. 2003లో క్లింటన్ ఫౌండేషన్ వెలలు ఇంకా తగ్గించేందుకు కుదుర్చుకున్న ఒప్పందాలలో హైదరాబాదుకు చెందిన మ్యాట్రిక్స్ ఒక పక్షం. ఆఫ్రికాలో లక్షలమంది బతికి బట్టకట్టడంలో మన రసాయన శాస్త్రజ్ఞులకు వాటా ఉంది. అమెరికాలో సామాన్యుడు కొనగలిగిన వెలకు మందు దొరకడంలోనూ ఉంది. 2025లో అమెరికా మన సరుకుల మీద సుంకాలను బాగా పెంచినప్పుడు కూడా జెనరిక్ మందుల జోలికి పోలేదంటే, అది మన మీద ప్రేమ కాదు, వాళ్ళ అవసరం. ఒక చిన్న ప్రాంతం ఇంతటి అవసరంగా మారడం మామూలు విషయం కాదు.

మరి నా పేచీ ఏమిటి?

తనిఖీదారు చూసేది కర్మాగారపు గోడ లోపలే. గోడ అవతల కాలువ ఉంది. ఆయన దస్త్రంలో కాలువకు పేజీ లేదు.

మందుల తయారీ చాలా వృథాతో కూడిన పని. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో దీన్ని లెక్కగట్టాడు. ఒక కిలో మందు పదార్థం తయారైతే ఇరవైయైదు నుంచి వంద కిలోల దాకా వ్యర్థం మిగులుతుందన్నాడు. పెట్రోలు శుద్ధిలో అది కిలోకు నూరు గ్రాములు కూడా ఉండదు. అంటే దూరదేశానికి ఎగుమతి అయ్యేది ఒక పాలు, ఇక్కడ నిలిచిపోయేది పాతిక పాళ్ళు మొదలు నూరు పాళ్ళ వరకు. వాటిలో ఉప్పులూ, సాల్వెంట్లూ, కొంత మందూ ఉంటాయి. ఎగుమతుల లెక్క డాలర్లలో వేస్తాం గనుక ఈ లెక్క అందులో కనబడదు. కనబడేది నక్కవాగులో. పటాన్‌చెరు దగ్గర పారి మంజీరలో కలిసే ఆ వాగు రంగు మారడం 1980లలోనే మొదలయింది. రైతులు ఊరేగింపులు చేశారు. పటాన్‌చెరు వైద్యుడు కిషన్‌రావు ఏళ్ళ తరబడి ఈ మాట చెబుతూ వచ్చారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2001లో అది హైకోర్టుకు బదిలీ అయింది. నష్టపరిహారాలు, కమిటీలు, నివేదికలు చాలా వచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమంతటా కాలుష్యానికి మార్కులు వేసినప్పుడు పటాన్‌చెరు-బొల్లారానికి నూటికి 70.07 వచ్చాయి. డెబ్భై దాటితే అతి తీవ్రం. మరే పరీక్షలోనూ మనం అంచుమీద ఇలా ప్యాసయినందుకు ఇంతగా సిగ్గుపడం.

ఇక్కడ నిజంగా చిన్నదైన ఒక దేశం కథలోకి వస్తుంది. స్వీడన్. జనాభా అప్పట్లో తొంభై లక్షలు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు తొంభై కర్మాగారాల నీళ్ళు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయ్యాక కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజున ఆ కాలువలో పోయిన సిప్రోఫ్లాక్ససిన్ దాదాపు 45 కిలోలని వాళ్ళు లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా అయిదు రోజులలో వాడేది అంతే. తరువాతి పరీక్షలలో ఆ చుట్టుపక్కల చెరువులలోనూ, ఊళ్ళ బావులలోనూ మందుల జాడ దొరికింది. అలాంటి నీటిలో బతకగల క్రిములు ఎలాంటివై ఉంటాయో, రేపు మన ఆసుపత్రిలో ఏ మందుకూ లొంగని రోగాలై అవి ఎలా తిరిగి రాగలవో వేరే చెప్పనక్కర్లేదు. అలా వచ్చినప్పుడు వాటికి దేశాల ఎల్లలు కూడా అడ్డు కావు.

అదే బృందం మరో చిక్కు ప్రశ్న వేసింది. ఈ మందులు తింటున్నది ఎవరు? 2009లో స్వీడన్ అంగళ్ళలోని కొన్ని మందులను ఎంచుకుని, వాటి ముడిమందు ఎక్కడిదో ఔషధ నియంత్రణ సంస్థ దస్త్రాలలో వెతికితే, దాదాపు మూడోవంతు మందుల మూలం ఆ పటాన్‌చెరు శుద్ధి కేంద్రానికి నీళ్ళు పంపే కర్మాగారాలలో తేలింది. స్టాక్‌హోమ్‌లో మాత్ర కొన్న మనిషికి ఈ సంగతి తెలిసే దారి లేదు. ముడిమందు ఎక్కడిదన్నది వ్యాపార రహస్యం. డబ్బా మీద ఉండదు. మచిలీపట్నం గుడ్డ జ్ఞాపకం ఉందిగదా, దాని కథే ఇది. సరుకు పోతుంది, ఊరు పోదు. నేతగాడికి అప్పుడు పోయింది కీర్తి. ఇప్పుడు ఊరి పేరు పోకపోవడం వల్ల కొందరికి లాభమే ఉంది, కాలువ పేరు కూడా పోదు కనుక.

ఆ తరువాత శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల గొట్టం వేసి హైదరాబాదు మురుగులోకి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. మంజీర ఊపిరి పీల్చుకుంది. అంబర్‌పేట నుంచి మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణ, హంసలదీవి దగ్గర సముద్రం. ఆ దారిలో ఎన్ని పొలాలు ఉన్నాయో, ఎన్ని బోర్లు ఉన్నాయో ఆలోచించండి. దీన్ని పరిష్కారం అన్నవారిని నేను గౌరవించలేను.

నీటితో పాటు మనిషి సంగతీ చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగింది. 54 మంది బలయ్యారు. వారిలో ఎనిమిదిమంది శరీరాలు కూడా దొరకలేదు. బీహారు, ఒడిశా, ఝార్ఖండ్‌ల నుంచి కూలికి వచ్చినవారు చాలామంది. అక్కడ తయారయ్యేది మందు కూడా కాదు. మాత్ర పొడిపొడిగా రాలిపోకుండా పట్టి ఉంచే మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి, కలపగుజ్జు నుంచి వచ్చేది. ఎన్నో దేశాలకు ఎగుమతి అవుతుంది. ఏ దేశపు మాత్రనైనా కలిపి ఉంచేది అలాంటి పొడే. కొనేవారి తనిఖీలలో ఆ పొడి తేమశాతం ఉంటుంది, రేణువు పరిమాణం ఉంటుంది. డ్రయ్యరు పక్కన నిలబడే మనిషి ఎంత భద్రంగా ఉన్నాడన్నది వాళ్ళ లెక్క కాదు. అది మన ఫ్యాక్టరీల శాఖ లెక్క. మన లెక్కలు మనం ఎలా చూసుకుంటామో ఆ రోజు తెలిసింది.

ఇంతవరకూ చదివి, అయితే ఎగుమతులు మానేద్దామంటావా అని అడిగేవారు ఉంటారు. అననే. నేనడిగేది ఎగుమతి సరుకు వెలలో నీటి వెల కూడా ఉండాలని. దీనికి పరిశ్రమవారి జవాబు నాకు తెలుసు, అది కొట్టిపారేయవలసిన జవాబు కూడా కాదు. ముడిమందుల బేరం కిలోకు రూపాయి, రెండు రూపాయల తేడా మీద నడుస్తుంది. మనకు కావలసిన మూలపదార్థాలలో మూడింట రెండు వంతులు చైనా నుంచే వస్తున్నాయి. మనం వెల పెంచితే కొనేవాడు నేరుగా చైనా గడప తొక్కుతాడు. పెద్ద కంపెనీలు ఇప్పటికే చుక్క నీరు బయటికి పోని యంత్రాలు పెట్టుకున్నాయి. ఆ ఖర్చు చిన్నవాడు భరించలేడు. ఇవన్నీ నిజాలే. కానీ ఇందులో ఒక చోట నాకు మింగుడుపడదు. ఆడిట్ కోసం ఇదే చిన్నవాడు కోట్లు ఖర్చుపెట్టి గాలి వడకట్టే గదులు కట్టుకున్నాడు. అది భరించలేని ఖర్చని ఎవరూ అనలేదు. అది లేకపోతే సరుకు పోదని తెలుసు కనుక పెట్టాడు. భరించగలగడం, భరించలేకపోవడం అన్నవి కొనేవాడు అడగడాన్నిబట్టి మారుతున్నాయన్నమాట.

కొనేవాడు అడగడం మొదలయింది కూడా. స్వీడన్‌లో ఆసుపత్రులకు మందులు కొనేటప్పుడు తయారీచోట పర్యావరణం గురించి ప్రశ్నలు వేస్తున్నారు. యాంటీబయాటిక్ కర్మాగారాల నీటిలో ఏ మందు ఎంతకు మించరాదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది. మనం? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. అలాంటి నియమం తెచ్చిన మొదటి దేశంగా పేరు తెచ్చుకునే అవకాశమది. 2021 ఆగస్టులో తుది నియమాలు వెలువడేసరికి ఆ పరిమితులు అందులో లేవు. మన వాగు గురించిన నియమం మనం చెరిపేసుకుని, అదే నియమాన్ని రేపు బ్రసెల్స్ వాడో స్టాక్‌హోమ్ వాడో తెచ్చి చేతిలో పెడితే 'వర్తకానికి అడ్డంకులు' అని గగ్గోలు పెట్టబోతున్నామని నా భయం. ఎవరో విధించిన షరతుగా కాక మన సరుకు గుణంగా దాన్ని ముందే చూపించుకోగలిగితే, చైనాతో పోటీలో రూపాయి తేడాకు అదే జవాబు. 1987లో ఎఫ్.డి.ఏ. ఆమోదం తెచ్చుకున్నవారు చేసింది అచ్చంగా అదే. అప్పట్లో వాళ్ళనెవరూ బలవంతపెట్టలేదు. ఆ కాగితం ఉంటే దూరపు అంగడి తెరుచుకుంటుందని తామే గ్రహించారు.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ప్రమాదకర వ్యర్థాలతో పనిచేసే కర్మాగారాలు తమ నీటి, గాలి వివరాలను గేటు బయట బోర్డు మీద రాసిపెట్టాలని సుప్రీంకోర్టు 2003 అక్టోబరులో ఆదేశించింది. పాశమైలారంలోనో బొంతపల్లిలోనో నడుచుకుంటూ పోతే ఆ బోర్డులు ఇప్పటికీ కనబడతాయి. కొన్ని ఎండకు వెలిసిపోయి ఉంటాయి, కొన్నింటి మీద అంకెలు ఎప్పటివో తెలియదు. ఆమ్లత ఎంత, కరిగిన లవణాలెంత అని రాయడానికి గళ్ళున్నాయి. లోపల తయారయ్యే మందు నీటిలో ఎంత ఉందో రాయడానికి గడి లేదు. ఆ ఒక్క గడి గీసి, నెలకొకసారి అందులో నిజమైన అంకె రాసి, ఆ అంకెనే విదేశానికి పోయే దస్త్రంలో జతచేసే మొదటి కంపెనీ ఈ ప్రాంతం నుంచే రావాలని నా కోరిక. ఆ అంకెను కొలవగల యంత్రాలూ, యువకులూ ఆ గేటు లోపలే ఉన్నారు. మాత్రలో మలినాన్ని లక్షకు పాళ్ళలో పట్టుకునేది వాళ్ళే.